అమ్మా, మనం తిట్టా?

దగ్గరికి జరగండి పిల్లలూ. కథ మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న అడుగుతాను. అందరూ ఒక్కసారే అరవకుండా చెయ్యెత్తి చెప్పండి.

ఒక మగపిల్లాడు నాలుగు గారెలు ఎక్కువ తిన్నాడనుకోండి. వాణ్ని మనం ఏమంటాం?

"వస్తాదు!" అన్నావా నిశాంత్? సరిగ్గా చెప్పావు. పైగా వీపు తట్టి ఇంకో గారె వేస్తాం.

మరి ఒక ఆడపిల్ల అవే నాలుగు గారెలు తింటే?

ఏమిటా నవ్వులు? ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారెందుకు? నోటిదాకా వచ్చిన మాట బయటికి చెప్పండి, నేనేమీ అనను. ఆఁ, "గేదె." అదే. మీరందరూ అన్నారు, ఒక్క ఇందు మాత్రం అనలేదు. ఎందుకనలేదో దానికి తెలుసు, నాకూ తెలుసు.

సరే, రెండో ప్రశ్న. మనం ఇలా అంటామని గేదెకు తెలిస్తే దానికి ఎలా ఉంటుంది? తెలియదా? గేదెకు మాటలు రావంటావా? ఈ రోజుల్లో రావు. ఒకప్పుడు వచ్చేవి. అప్పటి సంగతే చెప్తాను, వినండి.

అనగా అనగా, ఎర్రగుట్ట అనే గుట్ట కింద ఎండ ఎక్కువ, నీడ తక్కువ ఉన్న ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక మడుగు. గుట్టలోంచి సన్నటి ఊట ఒకటి, మీ చిటికెన వేలంత లావున, రాత్రీ పగలూ ఆ మడుగులోకి జారుతూ ఉండేది. చుట్టుపక్కల ఎన్ని జంతువులున్నాయో అన్నీ ఆ నీళ్ళే తాగి బతికేవి.

ఆ మడుగులో రోజూ మధ్యాహ్నం గేదెలు దిగేవి. ఆ మందకు పెద్ద ఒక ఆడగేదె, పేరు కాటుక. పేరుకు తగ్గట్టే కాటుకంత నలుపు. కొమ్ములు వెనక్కి తిరిగి, వీపు అరుగులా వెడల్పుగా ఉండేది. దానికి ఒక కూతురు. పేరు చినుకు. చినుకు పాలు మరిచిన పడ్డ. పడ్డ అంటే ఏమిటి? ఇంకా ఈనని కుర్ర గేదె. మన లెక్కలో చెప్పాలంటే ఓణీ వేసుకునే వయసు.

అడవిలో ఒక అలవాటు ఉండేది. మగ ఎలుగుబంటి మిట్టమధ్యాహ్నం దాకా నిద్రపోతే, "పాపం, రాత్రంతా తిరిగి అలిసిపోయాడు" అనేవారు. ఆడ ఎలుగుబంటి నిద్రపోతే, "గేదె! ఎండెక్కినా లేవదు" అనేవారు. మగ అడవిపంది గుంట తవ్వి దుంపలన్నీ తినేస్తే, "వాడి ఒంటికి ఆ మాత్రం తిండి ఉండాలి" అనేవారు. ఆడపంది తింటే, "గేదె! దాని పొట్ట పొట్ట కాదు, ఏరు" అనేవారు. పిలిచిన వెంటనే పలకని కోడలు గేదె. పక్క నుంచి ఈగ వెళ్ళినా కదలని ఆడపడుచు గేదె. నల్లగా పుట్టిన పిల్ల పుట్టగానే గేదె.

మగవాళ్ళలో గేదెలు లేవా అమ్మమ్మా అంటావా? అడవంతా వెతికినా ఒక్కటీ దొరకలేదట.

ఇవన్నీ చినుకు చెవిన చాలాకాలం పడలేదు. గేదెలకు చెవులు పెద్దవే కానీ, మడుగులో ముక్కు దాకా మునిగి ఉంటే ఎవరి మాటలు వినపడతాయి?

ఒకరోజు మాత్రం వినపడింది. ఒడ్డున చుక్కల జింక పొన్ని తన కూతుర్ని తిడుతోంది. ఆ కూతురి పేరు గవ్వ. బొద్దుగా, ముద్దుగా ఉండేది. పచ్చిక కనిపిస్తే దానికి ఇంకేమీ కనపడదు.

"ఎంత తింటావే! గేదెలా తయారవుతున్నావు. రేపు పులి వస్తే పరిగెత్తగలవా? నీ పక్కన నడవాలంటేనే నాకు తలవంపుగా ఉంది," అంది పొన్ని.

గవ్వ నోట్లోని గడ్డి మింగాలా ఉమ్మాలా తెలియక అలాగే పెట్టుకు నిలబడింది.

చినుకు నీళ్ళలోంచి మెల్లగా తల ఎత్తింది. నేరుగా తల్లి దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, మనం తిట్టా?" అని అడిగింది.

కాటుక నెమరు ఆపింది. గేదె నెమరు ఆపిందంటే గట్టిగా ఆలోచిస్తోందన్నమాట.

"మనం గేదెలం," అంది.

"అదే కదమ్మా తిట్టు!"

"వాళ్ళు మనల్ని చూసి తిట్టు చేసుకున్నారు తల్లీ. తిట్టును చూసి మనం పుట్టలేదు. ఎండగా ఉంది, బురదలోకి జరుగు."

తల్లి మాట మంచిదే. కానీ ఆ వయసు పిల్లకు ఆ మాట చాలలేదు. చినుకు ఆ పూట బురద పూసుకోలేదు. ఒడ్డున నిలబడి నీళ్ళలో తన నీడను చూసుకుంది. అంత నలుపా నేను? అంత వెడల్పా? అనుకుంది. నీడ ఏం చెప్తుంది? ఉన్నదే చూపించింది.

శివరాత్రి వెళ్ళి చలి తగ్గాక నెమలి ఒక సభ పెట్టింది. మగనెమలి సంగతి చెబుతున్నాను. ఆ నెమలికి తన పింఛం నీళ్ళలో చూసుకుంటే తప్ప పొద్దు గడవదు. గేదెలు దిగితే నీళ్ళు మసకబారతాయి. పింఛం కనపడదు. అదీ దాని బాధ. కానీ ఆ మాట అనకుండా, "ఇది మనందరి శుభ్రత కోసం" అంది.

కొండముచ్చు ముందుకొచ్చింది. దానికి నోరు ఎక్కువ. చెట్టు మీద కూర్చుని అందరికీ పేర్లు పెట్టడమే దాని పని.

"మనం తాగేది నీళ్ళా, గేదెలు ఒళ్ళు కడుక్కున్న కుడితా?" అంది. అందరూ నవ్వారు. "ఇకమీదట గేదెలు మడుగులో దిగకూడదు. ఒడ్డున నిలబడి అందరిలాగా తాగి వెళ్ళిపోవాలి."

కాటుక అంది, "మేం దిగకపోతే మడుగుకు మంచిది కాదు. మడుగు తొక్కితేనే నిలుస్తుందని మా అమ్మ చెప్పింది. వాళ్ళమ్మ ఆవిడకు చెప్పింది."

"మీరు తొక్కితే నీళ్ళు నిలుస్తాయా!" అని నెమలి పకపకా నవ్వింది. "అలాగైతే నేను ఆడబట్టే వాన పడుతోందని చెప్పుకుంటాను!"

ఆ మాట అన్నాక ఒక్క క్షణం ఆగి, "అది నిజమేననుకో," అని మెల్లగా కలిపింది.

పొన్ని తల దించుకుని, "ఏమోనమ్మా, పిల్లలు తాగే నీళ్ళు. తేటగా ఉంటే మంచిదే కదా," అంది. మిగతావాళ్ళు తలలూపారు.

కాటుక గొడవపడలేదు. కొమ్ములు దించి ఒక్క పోటు పొడిస్తే ఆ సభలో ఎవరూ మిగలరు. అయినా పొడవలేదు. మందను గుట్టకు అవతల ఉన్న చిత్తడి నేలకు తీసుకువెళ్ళాలని నిశ్చయించుకుంది. అన్నీ కదిలాయి. చినుకు కదలలేదు.

"నేను రాను," అంది. "నేను గేదెలా ఉండను. ఇక్కడే ఉండి వీళ్ళందరిలా ఉండడం నేర్చుకుంటాను. అప్పుడు నన్నెవరూ ఏమీ అనరు."

కాటుక కూతురి దగ్గరికి జరిగింది. తరవాత ఇలా అంది, "చూడు చినుకూ. మన తోలు నల్లది, ఎండను పీల్చుకుంటుంది. మన ఒంటి మీద వెంట్రుకలు తక్కువ, చెమటా తక్కువే. జింకకు నీడ చాలు. మనకు బురద కావాలి. బురదే మన గొడుగు. అది లేకుండా రోహిణి కార్తె దాటిన గేదెను నేను ఇంతవరకూ చూడలేదు. ఎండలు ముదిరేలోగా రా."

"వస్తాలే," అంది చినుకు, వెళ్ళే ఉద్దేశం లేని పిల్లలు అనేటట్టుగా.

"రోజూ సాయంత్రం గుట్టెక్కి పిలుస్తాను. నువ్వు పలికితే బాగున్నావని అనుకుంటాను."

"పలుకుతానమ్మా."

మంద వెళ్ళిపోయింది. తెల్లవారేసరికి మట్టి అడుక్కి దిగి మడుగు అద్దంలా అయింది. నెమలి పొద్దస్తమానం అక్కడే. కొండముచ్చు కూడా వంగి తన మొహం చూసుకుని, ఏం కనిపించిందో ఏమో, మళ్ళీ చూసుకోలేదు. అందరూ సంతోషించారు.

చినుకు ముందుగా పొన్ని దగ్గరికి వెళ్ళింది.

"అత్తా, నన్ను గేదె అనకుండా ఉండాలంటే నేనేం చేయాలి?"

పొన్ని చెడ్డది కాదు పిల్లలూ. చినుకును చూస్తే దానికి జాలే వేసింది. అందుకే తనకు తెలిసిన మంచి మాటే చెప్పింది. "తిండి తగ్గించుకోమ్మా. ఆకు కొసలు మాత్రం కొరుకు. ఆకలేస్తే నీళ్ళు తాగు. ఆడపిల్ల తింటున్నట్టు కనపడకూడదు."

చినుకు ఆకు కొసలు కొరికింది. అంత పెద్ద పొట్టకు ఆకు కొసలేం సరిపోతాయి? బావిలో చెంబెడు నీళ్ళు పోసినట్టే. డొక్కలు లోపలికి పోయాయి. అయినా, "పరవాలేదు, కాస్త సన్నబడింది," అని పొన్ని మెచ్చుకుంటే ఆకలి మరిచిపోయింది.

తరవాత నెమలి దగ్గరికి వెళ్ళింది.

"బావగారూ, నేనేం చేయాలి?"

నెమలి మెడ వంచి దాన్ని పైకీ కిందికీ చూసి, "ఛీ, ఆ బురద మరకలేమిటి? మట్టి అన్నది ఒంటికి అంటకూడదు. తుడుచుకో, దులుపుకో. మెరవాలి, మెరవాలి!" అంది.

చినుకు చెట్టు బోదెలకు ఒళ్ళు రాసుకుని పాత బురదంతా రాల్చేసుకుంది. ఒళ్ళు మెరిసింది, నిజమే. జోరీగలకు కూడా ఆ మెరుపు నచ్చింది. బురద ఉంటే అవి కుట్టలేవు. ఇప్పుడు చెవులకూ పొట్టకూ పట్టుకున్నాయి. చినుకు తోకతో కొట్టుకుంటూ, "అందంగా ఉండాలంటే ఇలాగే ఉంటుంది కాబోలు," అని సరిపెట్టుకుంది.

ఆఖరికి కొండముచ్చు దగ్గరికి వెళ్ళింది.

"మామా, నేను తిండి తగ్గించాను. బురద వదిలేశాను. ఇంకేం మిగిలింది?"

"గొంతు!" అంది కొండముచ్చు. "సాయంకాలం అయ్యేసరికి ఓంయ్య్ అంటావే, అదేం గొంతే? నా చెట్టు మీద కాయలు రాలిపోతున్నాయి. ఆడదాని గొంతు పక్కవాడికి కూడా వినపడకూడదు."

"మా అమ్మ పిలుస్తుంది మామా. నేను పలకాలి."

"పలుకు. ఎవరొద్దన్నారు? సన్నగా పలుకు."

ఆ సాయంత్రం కాటుక గుట్ట మీద నుంచి పిలిచింది. చినుకు సన్నగా పలికింది. అదెంత సన్నదంటే, పక్కనున్న గవ్వకే సరిగా వినపడలేదు. గుట్ట మీదికి ఎలా వెళ్తుంది? కాటుక మళ్ళీ పిలిచింది. చాలాసేపు ఎదురుచూసింది. గాలి ఎదురుగా ఉందేమో, రేపు వినపడుతుందిలే, అనుకుని దిగిపోయింది. తరవాతి సాయంత్రాలూ అంతే, పలుకు వినపడకపోయినా మడుగు ఒడ్డున కూతురి నల్లటి వీపు కనపడితే చాల్లే అనుకునేది.

ఇలా తిండి పోయింది, బురద పోయింది, గొంతు పోయింది. ఇప్పుడు చినుకును ఎవరూ గేదె అనడం లేదు. అసలు ఏమీ అనడం లేదు. ఆ మాటకొస్తే, అది ఉన్నట్టే ఎవరికీ గుర్తులేదు.

ఈలోగా ఎండలు ముదిరాయి. మడుగులో నీళ్ళు తగ్గడం మొదలైంది.

"వేసవి కదా," అంది పొన్ని.

వేసవి ప్రతి ఏడూ వస్తుంది. ఏ ఏడూ మడుగు ఇంతగా తగ్గలేదు. ఊట మాత్రం ఎప్పటిలాగే చిటికెన వేలంత లావున జారుతూనే ఉంది. మరి వచ్చే నీళ్ళన్నీ ఎటు పోతున్నట్టు? జంతువులు ఒకరినొకరు అనుమానించుకున్నాయి. అడవిపంది రాత్రిళ్ళు వచ్చి తాగేస్తోందని కొండముచ్చు అంది. కొండముచ్చే పిల్లలకు స్నానాలు చేయిస్తోందని అడవిపంది అంది. తాగే నోళ్ళ మీద అందరికీ కళ్ళున్నాయి. అడుగున ఏం జరుగుతోందో చూసినవాళ్ళు లేరు.

ఏం జరిగి ఉంటుంది? ఊహించండి. ఇందూ, నువ్వు చెప్పు. కన్నం పడిందా? చాలా దగ్గరికి వచ్చావు.

పొలంలో వరినాట్లకు ముందు దమ్ము చేయడం మీరు చూశారు కదా? నీళ్ళు పెట్టి, పశువుల చేత తొక్కించి మట్టిని మెత్తటి ముద్దలా చేస్తారు. ఎందుకు? అలా తొక్కిన మట్టి సందు లేకుండా కూర్చుని, నీళ్ళను కిందికి దిగనివ్వదు. మడుగు అడుగున గేదెల గిట్టలు చేసే పని కూడా అదే. రోజూ మధ్యాహ్నం అవి దిగి, పొర్లి, తొక్కి, లేచి వెళ్ళేవి. పీతలు పెట్టిన కన్నాలు, వేళ్ళు కుళ్ళిన సందులు, అన్నీ ఆ తొక్కుడులో పూడిపోయేవి. తాము ఒక పని చేస్తున్నామని గేదెలైనా అనుకోలేదు. వాటికి చల్లగా ఉండేది, అంతే. ఇప్పుడు తొక్కేవాళ్ళు లేరు. కన్నాలు కన్నాల్లాగే ఉండిపోయాయి. పైనుంచి ఊట వస్తోంది, కిందినుంచి పోతోంది.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండ. మడుగు నడుమ నాలుగు బిందెల నీళ్ళు, చుట్టూ చిక్కటి బురద, ఆపైన నెర్రెలు విచ్చిన నేల మాత్రం మిగిలాయి.

చినుకు తోలు కూడా ఆ నేలలాగే నెర్రెలు విచ్చింది. వీపు మీద రక్తం చెమ్మ. నడిచే ఓపిక లేక తునికి చెట్టు కింద కూలబడింది. తునికి చెట్టు నీడ మీకు తెలుసు కదా, నీడలోనూ ఎండ పడుతూనే ఉంటుంది. నాలుక బయటికి వచ్చింది. బురద కూతవేటు దూరమైనా లేదు, కళ్ళకు కనపడుతూనే ఉంది. కానీ మడుగు చుట్టూ అందరూ ఉన్నారు. అందరూ చూస్తుండగా వెళ్ళి ఆ బురదలో పడుకోవడమా? ఇన్నాళ్ళు పడ్డ కష్టం ఏమైపోవాలి? అంతా కలిసి ఒక్కసారే ఆ మాట అంటారు. చినుకు కళ్ళు మూసుకుంది.

గవ్వ దాన్ని చూసింది. గెంతుతూ వచ్చి మూతితో పొడిచింది.

"అక్కా, లే! బురదలో పడుకో."

"పడుకుంటే గేదె అంటారు."

"అక్కా, పొద్దు వాలుతోంది. గుట్ట మీద మీ అమ్మ పిలుస్తోంది. విను!"

నిజమే. గుట్ట మీద నుంచి కాటుక పిలుపు వచ్చింది. దూరంగా, బరువుగా. ఒకసారి. రెండోసారి.

"పలుకక్కా! నేను పిలిస్తే అంత దూరం వినపడదు. నా గొంతు ఇంతే!"

"అరిస్తే గేదె అంటారు గవ్వా," అంది చినుకు, పెదవులు కదిలీ కదలనట్టుగా.

గవ్వకు కోపం వచ్చింది. చిన్న గిట్టతో నేల తన్నింది.

"నన్ను రోజూ అంటారు! పొద్దున అంటారు, సాయంత్రం అంటారు. ఇప్పుడే మా అమ్మ అంది. నేను చచ్చిపోయానా? నువ్వు అనిపించుకోకుండానే చచ్చిపోతున్నావు!"

చినుకు కళ్ళు తెరిచింది. ఆ జింకపిల్లను చూసింది. బొద్దుగా, నోటి పక్కన ఒక గడ్డిపోచ అంటుకుని, కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని నిలబడి ఉంది.

మూడో పిలుపు వచ్చింది.

చినుకు ముందు కాళ్ళు నేలకు ఆన్చింది. ఒంట్లో మిగిలిన ఊపిరంతా కూడదీసుకుంది. మెడ చాచి అరిచింది.

"ఓంయ్య్య్!"

ఎన్నాళ్ళో దాచిపెట్టిన గొంతు కదా, ఒక్కసారిగా బయటికి వచ్చేసరికి చెట్ల మీద పక్షులు లేచిపోయాయి. కొండముచ్చు కొమ్మ వదిలేసి కింది కొమ్మ మీద పడింది. గుట్టకు తగిలి ఆ అరుపు మళ్ళీ వెనక్కి వచ్చింది. మడుగు దగ్గర ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. "గేదె!" అని ఎవరో అన్నారు కూడా. చినుకు మళ్ళీ అరిచింది.

ముందు నేల అదిరింది. తరవాత దుమ్ము కనపడింది. గేదెలు పరిగెత్తవని ఎవరన్నారో గానీ, ఆ సాయంత్రం గుట్ట దిగి వచ్చిన మందను వాళ్ళు చూసి ఉండాల్సింది. అన్నిటికన్నా ముందు కాటుక. కొమ్ములు వెనక్కి పెట్టి, ముక్కు ముందుకు పెట్టి, తుప్పలు తొక్కుకుంటూ వచ్చింది.

కూతుర్ని చూసింది. "నేను చెప్పలేదా" అని మనమైతే అంటాం, కాటుక అనలేదు. నుదురు దాని డొక్క కింద పెట్టి లేపింది. ఇంకో రెండు గేదెలు అటూ ఇటూ చేరి ఆనిక ఇచ్చాయి. అలా నడిపించుకుంటూ మడుగు వైపు తీసుకువెళ్ళాయి.

కొండముచ్చు అడ్డం వచ్చింది. "ఆగండి, ఆగండి! ఉన్నవే నాలుగు గుక్కలు! అవి కూడా బురద చేసేస్తారా? మా పిల్లలు ఏం తాగాలి?"

దాని భయం అబద్ధం కాదు పిల్లలూ. దాని వెనక పొన్ని, పొన్ని వెనక ఎన్నో చిన్న చిన్న నోళ్ళు ఉన్నాయి.

కాటుక ఆగింది. "మీ పిల్లలకు ముందు తాగించు," అంది. "నేను నిలబడతాను. తాగాక మాత్రం నా బిడ్డను దించుతాను. అప్పుడు నాకు అడ్డం ఉండకు."

పిల్లలన్నీ గబగబా తాగాయి. కాటుక నిలబడే ఉంది. దాని కాలికి ఆనుకుని చినుకు ఎగశ్వాస తీస్తోంది. అందరికన్నా చివర తాగాల్సిన గవ్వ తాగకుండానే పక్కకు జరిగి, "పెద్దమ్మా, నాకు దాహం లేదు, దించెయ్యి," అంది.

కాటుక కూతుర్ని బురదలోకి తోసింది.

ఆహా! ఆ చల్లదనం చినుకు పగుళ్ళలోకి దిగింది. అది పక్కకు వాలింది, వీపు మీదికి తిరిగింది, మళ్ళీ వాలింది. మెడ దాకా, చెవుల దాకా పూసుకుంది. చుట్టూ మంద అంతా దిగి, అటూ ఇటూ తిరుగుతూ, పొర్లుతూ దానికి మెత్తగా తొక్కి పెట్టింది. చీకటి పడేదాకా అవి బయటికి రాలేదు.

"అయిపోయింది. రేపు అందరం వలస పోవాల్సిందే," అంది నెమలి.

తెల్లవారింది. నెమలి అలవాటు కొద్దీ మడుగు దగ్గరికి వచ్చి కెవ్వుమంది. అందరూ పరిగెత్తుకొచ్చారు. నల్లటి బురద మీద పరిచినట్టుగా తేట నీళ్ళు ఉన్నాయి. ఎక్కువ లేవు, మీ అరచెయ్యి మునిగేటంత. కానీ నిన్నటి కన్నా ఎక్కువ. ఊట వస్తోంది, వచ్చింది వచ్చినట్టు నిలుస్తోంది. ఆ మర్నాటికి మోచెయ్యి మునిగింది.

"మడుగు తొక్కితేనే నిలుస్తుంది," అంది పొన్ని మెల్లగా. "అప్పుడే చెప్పింది కాటుక. మనం నవ్వాం."

ఆ తరవాత ఏర్పాటు మారింది. ఉదయం పూట అందరూ తేట నీళ్ళు తాగేవారు. మధ్యాహ్నం గేదెలు దిగేవి. నెమలి తెల్లవారుజామునే లేచి పింఛం చూసుకోవడం నేర్చుకుంది. దానివల్ల దానికీ ఆరోగ్యం బాగుపడింది.

కొండముచ్చు ఒకరోజు తల గోక్కుంటూ కాటుక దగ్గరికి వచ్చింది. "ఏదో వదినా, నోరు జారింది. మనసులో పెట్టుకోకు."

"జారితే ఒకసారి జారుతుంది తమ్ముడూ. మీ తాత నాటి నుంచీ జారుతోంది," అంది కాటుక. అని ఊరుకోకుండా, "రా, నీడన కూర్చో. నిలబడి ఉన్నావు," అంది.

చినుకు తోలు వానలు పడేసరికి మానింది. కడుపునిండా మేసింది. సాయంత్రం పూట పని లేకపోయినా ఒకసారి గుట్టెక్కి అరిచేది. ఎవర్ని పిలుస్తున్నావే అంటే, "ఎవర్నీ కాదు. బాగుంటుంది," అనేది.

ఇక ఆ తిట్టు అడవిలో పోయిందా అంటారా? పోయిందంటే నేను అబద్ధం చెప్పినట్టే. పాత నోళ్ళు కదా, అప్పుడప్పుడు వచ్చేది. ఒకసారి మడుగు పక్కన లేత పచ్చిక మొలిచింది. గవ్వ తల ఎత్తకుండా మేస్తోంది. పైనుంచి కొండముచ్చు అలవాటు ప్రకారం అనేసింది, "ఏమే గేదె, అడవంతా నువ్వే తినేస్తావా?"

పొన్ని ఉలిక్కిపడింది. బురదలో ఉన్న గేదెలన్నీ తలలు ఎత్తాయి. కొండముచ్చు నాలుక కరుచుకుంది.

గవ్వ నోటినిండా గడ్డి పెట్టుకుని తల ఎత్తింది. నమిలింది. నిదానంగా మింగింది.

"అంతదాన్ని ఇంకా కాలేదు మామా," అంది. "తింటున్నాను కదా, చూద్దాం."

అందరికన్నా ముందు కాటుక నవ్వింది. గేదె నవ్వితే మడుగంతా అలలు లేస్తాయి. ఆ అలలు ఒడ్డు దాకా వచ్చి పొన్ని కాళ్ళు తడిపాయి. పొన్ని కూడా నవ్వి, "తినవే తల్లీ, తిను," అంది.

అదీ కథ. ఇంకా ఏమైందంటారేమిటి? వానలు పడ్డాయి, మడుగు నిండింది, అందరూ నీళ్ళు తాగారు. ఇంక నన్ను లేవనివ్వండి. కుట్టు మిషను మీద దిండు గలీబు మూడు వైపులే కుట్టి వచ్చాను, నాలుగో వైపు మిగిలింది. మీరు వెంట పడకండి, సూదిలో దారం ఎక్కించడం నాకింకా వచ్చు. నీతి ఏమిటో నేను గదిలోకి వెళ్ళేలోగా మీలో మీరు అనుకోండి. వెళ్తూ వెళ్తూ నా మాటగా ఒకటి చెప్పి పోతాను.

నీతి: ఒక ప్రాణి పేరు తిట్టయిందంటే తప్పు తిట్టే నోటిది, ఆ తిట్టుకు జడిసి తిండినీ నీడనూ గొంతునూ ఎవరూ వదులుకోకూడదు.